చదువులో తోటివారి పాలు



నేను నల్లగొండ సీమలో ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడనుగా బడులలో పని చేసి విశ్రాంతి గైకొన్నవాడను. నాకు తెలిసిన వృత్తి యొక్కటియే. కావున బడిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేసికొందును. మీ యూరి బడి యెట్లున్నదని ఎవరైన అడిగినచో మీరేమి చెప్పుదురు? గదులెన్ని, పంతుళ్ళెందరు, పదవ తరగతిలో ఎందరు ఉత్తీర్ణులైరి అని చెప్పుదురు. ఇవి చెప్పదగినవే. కాని ఆ బడిలో పిల్లలు ఒకరికొకరు చెప్పుకొందురా, ఉపాధ్యాయులు పిల్లలతోను తమలో తామును కలిసి పని చేయుదురా అని మనము అడుగుట లేదు. నేడు నేను చెప్పబోవునది ఆ అడుగని ప్రశ్నను గురించియే.

మన పూర్వులు చదువునకు ఒక లెక్క కట్టిరి. సంస్కృత పాఠశాలలో అడుగిడిన ప్రతి బాలుడును ఆ లెక్కను చెప్పెడి శ్లోకమును వినియుండును. దాని భావమిది. విద్యార్థి తన విద్యలో ఒక పావు గురువునొద్ద గ్రహించును. ఒక పావు తన బుద్ధిచేత సంపాదించును. ఒక పావు తోడి విద్యార్థులనుండి పొందును. తక్కిన పావు కాలము గడచుకొలది వానికి అబ్బును. ఇది తక్కెడలో తూచి కట్టిన లెక్క కాదు. అయినను ఈ లెక్క కట్టిన మహానుభావుడు గురువునకు నాలుగింట ఒక్క పాలే ఇచ్చెను. ప్రక్కన కూర్చున్న పిల్లవానికి గురువుతో సమానమైన పాలు ఇచ్చెను. పంతులైనవాడు ఈ మాట వినినప్పుడెల్ల వాని గర్వము కొంత తగ్గవలెను.

ఇక నేటి బడులను చూడుడు. గురువు పాలును మనము గుర్తించితిమి, దానికై జీతమిచ్చుచున్నాము. స్వబుద్ధి పాలును గుర్తించితిమి. దానికై పరీక్షలు పెట్టితిమి. కాలము పాలును గుర్తించితిమి. దానికై ఒకటి మొదలు పది వరకు తరగతులు ఏర్పరచితిమి. తోటివారి పాలునకు మనము చేసిన ఏర్పాటు ఏది? "మాట్లాడవద్దు" అను ఆజ్ఞ ఒక్కటియే. నాలుగు పాళ్ళ పంటలో ఒక పాలును కళ్ళమునందే వదలి ఇంటికి వచ్చు రైతును మీరేమందురో, మమ్మును అదియే యనవచ్చును.

సంస్కృతమున సతీర్థ్యుడు అను పదము కలదు. తీర్థమనగా నీటికి దిగు రేవు. గురువు అనియు దానికి అర్థము. ఒకే గురువునొద్ద వసించి చదివినవారు సతీర్థ్యులు. ఈ రెండర్థములును కలిపి చూచినచో నాకొక సంగతి తోచును. చెరువు రేవులో ఏ మెట్టు జారునో గట్టున నిలిచినవానికంటె, ఇప్పుడే ఆ మెట్టు దిగినవానికి బాగుగా తెలియును. పదేండ్ల క్రిందట ఈత నేర్చినవాడు తాను ఎట్లు మునిగెనో మరచిపోవును. నిన్న నేర్చినవాడు మరువడు. గురువునకు విషయము తెలియును. ఆ విషయమునందలి కష్టము తోటి పిల్లవానికి తెలియును.

నేను చదివిన పాఠశాలలో ఉదయము గురువుగారు పాఠము చెప్పెడివారు. అపరాహ్ణము చింతన జరిగెడిది. చింతన యనగా ఉదయమున విన్న పాఠమునే పెద్ద విద్యార్థి యొకడు చిన్నవారిని చుట్టు కూర్చుండబెట్టుకొని మరల నడిపించుట. పదము పదము విరిచి, అన్వయము కుదిర్చి, సందేహమును సందేహముతో రాపిడి చేసి సాగెడి పని యది. గురువుగారు అరుగుపై కూర్చుండి వినుచుండెడివారు. తప్పు దొర్లినప్పుడు గొంతు సవరించెడివారు, అంతే. ఆ గొంతు సవరింపు విని మేమే తప్పును వెదకికొనెడివారము. పాఠము చెప్పుట ఎంత పనియో చింతనను విని ఊరకుండుట అంతకు మించిన పని యని, నేను పంతులనైన పిమ్మట గాని నాకు తెలియలేదు.

సహాధ్యాయుల కథలు మన గ్రామములలో ఎరుగనివారు లేరు. పోతనగారి భాగవతము దశమస్కంధమున కుచేలోపాఖ్యానము కలదు. కుచేలుడు ద్వారకకు వచ్చినప్పుడు శ్రీకృష్ణుడు వానికి ఏమి గుర్తుచేసెను? తాము సాందీపని యొద్ద చదివిన శాస్త్రములను కాదు. గురుపత్ని పంపగా ఇద్దరును కట్టెలకై అడవికి పోయిన దినమును, గాలివాన పట్టి దారి తప్పిన రాత్రిని గుర్తుచేసెను. తెల్లవారునప్పటికి సాందీపని తానే అడవికి వచ్చి శిష్యులను వెదకికొనెను. ఆ కథలో మూడు పనులు ఒక్కచోట కలిసినవి. పిల్లలిద్దరు ఒకరి చేయి నొకరు వదలలేదు. గురువు వారిని అడవిలో వదలలేదు. పెద్దవారైన పిదప రాజైనవాడు పేదవానిని వదలలేదు.

ఇక రెండవ కథ భారతమునందలిది. ద్రోణుడును ద్రుపదుడును సహాధ్యాయులే. ద్రుపదుడు రాజైన పిమ్మట, దరిద్రుడై వచ్చిన ద్రోణుని చూచి, సమానులకు గాక స్నేహమెక్కడిదని అవమానించెను. ద్రోణుడు తన శిష్యులచేతనే ద్రుపదుని పట్టి తెప్పించెను, అర్ధరాజ్యము గైకొనెను. ద్రోణుని చంపుటకై ద్రుపదుడు కొడుకును గనెను. అర్జునుని మించినవాడు ఉండరాదని ద్రోణుడు ఏకలవ్యుని బొటనవ్రేలు అడిగినదియు ఈ కథలోనే. విద్యయందు ద్రోణునకు కొరత లేదు. తోటివారి పాలు విషమైన చోట తక్కిన మూడు పాళ్ళును ఎంత గొప్పవైనను ఏమి జరుగునో వ్యాసుడు చూపించెను. కుచేలుని కథ మనకు ఇష్టము. కాని మన బడులను ఏ కథ ననుసరించి నడుపుచున్నామో మనమే ఆలోచింపవలెను.

ఇవి పురాణములు, నేటి బడికి పనికిరావు అనువారుందురు. వారికొరకు చరిత్రనుండి ఒక సంగతి చెప్పెదను. 1822వ సంవత్సరమున చెన్నపట్టణపు గవర్నరు మన్రో తన యేలుబడిలోని వీథిబడుల లెక్క తీయుమని కలెక్టరులను ఆజ్ఞాపించెను. మన నల్లగొండ అప్పుడు నైజాము రాజ్యము గనుక ఆ లెక్కలో చేరలేదు. కాని బళ్ళారి చేరెను. ఆ సీమ 1800వ సంవత్సరము వరకు నైజాముదే. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులు చూపబడినవి; అందు 226 తెలుగు బడులు. పిల్లలు పద్యములను అర్థము తెలియకయే వల్లించుచున్నారని ఆయన తప్పు పట్టెను. అది నిజమైన తప్పే. అయితే పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుటను మాత్రము ఆయన మిక్కిలి మెచ్చెను. అందువలన చిన్నవారు నేర్చుటయే గాక చెప్పువాని చదువు గట్టిపడుననియు, ఇంగ్లండు దేశము ఈ పద్ధతిని అనుకరించుట తగియే యున్నదనియు వ్రాసెను.

ఇంగ్లండు దేశము అనుకరించుట యేమి యందురేమో. చెన్నపట్టణమున ఎగ్మూరులో సైనికుల అనాథ బాలురకు ఒక ఆశ్రమము ఉండెను. 1789 నుండి దాని విద్యను ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు చూచుచుండెను. ఆయన ఒకనాడు దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచెను. తన బడిలోను అట్లే చేయుడనగా అక్కడి పంతులు అది సాధ్యము కాదనెను. అప్పుడు బెల్ ఎనిమిదేండ్ల బాలుని యొకని పిలిచి చిన్న తరగతిని వానికి అప్పగించెను. పంతులు కాదన్న పనిని ఆ బాలుడు చేసి చూపెను. 1797లో బెల్ ఈ సంగతిని పుస్తకముగా అచ్చువేయించెను. పిదప ఇంగ్లండులో వేలకొలది బడులలో ఈ పద్ధతి నడిచెను. దానికి వారు పెట్టిన పేరు మద్రాసు పద్ధతి. మన యింటి విత్తనము సముద్రము దాటి మొలిచినది. మన దొడ్డిలో మాత్రము ఎండినది.

మన నల్లగొండ సంగతి చెప్పెదను. నైజాము కాలమున పెద్ద తరగతులలో బోధన ఉర్దూలో జరిగెడిది. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ. మా తండ్రిగారు ఆ కాలపు విద్యార్థి. ఉస్తాదు చెప్పిన లెక్క ఆయనకు అర్థమయ్యెడిది కాదట. మధ్యాహ్నపు విరామములో చింతచెట్టు క్రింద ఒక తురక బాలుడు, రెండు భాషలును తెలిసినవాడు, ఆ లెక్కను తెలుగులో చెప్పెడివాడట. దానికి బదులు మా తండ్రిగారు వానికి తెలుగు అక్షరములు దిద్దించిరట. ఈ బేరమును ఉస్తాదు చూచియు చూడనట్లుండెడివారని ఆయన చివరివరకు కృతజ్ఞతతో చెప్పుచుండెడివారు. ఆ చూడకుండుటయే ఆ ఉస్తాదు చేసిన గొప్ప బోధన.

ఆ కాలముననే ప్రభుత్వము ఈయని చదువును జనులు తమలో తాము ఇచ్చుకొనిరి. 1918లో షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయమును స్థాపించిరి. 1922 నుండి ఆయనయే నీలగిరి పత్రికను నడిపిరి. 1943లో హైదరాబాదున ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడి ప్రవేశ, విశారద మొదలగు తెలుగు పరీక్షలు పెట్టెను. చదువుకొన్నవాడు చదువుకొననివానికి చెప్పవలెనను పట్టుదల లేనిచో ఈ సీమలో తెలుగు చదువు నిలిచెడిది కాదు. మీలో పెద్దల తండ్రులు, తాతలు కొందరు ఆ గ్రంథాలయముల దీపముల క్రింద ఒక పుస్తకమును నలుగురు కలిసి చదివినవారే యైయుందురు.

ఇంత తెలిసినవాడు తన బడిలో ఏమి చేసెనని మీరు నన్ను అడుగవచ్చును. చెప్పుటకు సిగ్గుగా నున్నది గాని చెప్పక తప్పదు. నేను ఉద్యోగములో చేరిన తొలి యేండ్లలో ఒక ఊరి బడిలో ఏడవ తరగతికి తెలుగు చెప్పుచుంటిని. ప్రక్క ప్రక్కన కూర్చుండు ఇద్దరు బాలురుండిరి. ఒకడు చురుకైనవాడు. రెండవవాడు గొర్రెల కాపరి కొడుకు, మెత్తనివాడు. నేను విభక్తులు చెప్పుచుండగా మొదటివాడు రెండవవాని చెవిలో ఏదియో గొణుగుచుండెను. ఒకసారి హెచ్చరించితిని. రెండవసారి కోపము వచ్చి ఇద్దరి చేతులమీదను బెత్తముతో కొట్టి, ఒకనిని మొదటి వరుసకును ఇంకొకనిని చివరి వరుసకును పంపితిని. తరగతి నిశ్శబ్దమయ్యెను. ఆ నిశ్శబ్దమును చూచి నేను మంచి పంతులనని సంతోషించితిని.

దసరా సెలవుల తరువాత ఆ రెండవ బాలుడు బడికి రాలేదు. కొన్ని నెలలకు చెరువు కట్టమీద గొర్రెలతో కనబడెను. ఏమిరా బడి మానితివని అడిగితిని. వాడు తల వంచుకొని, "సారూ, మీరు జెప్తే నాకు సమజ్ గాకపోతుండె. వాడు జెప్తే అయితుండె," అనెను. ఆ మాటలో నింద లేదు. ఉన్న సంగతి చెప్పెను. నేను వాని తండ్రి యొద్దకు రెండుసార్లు పోయితిని. అప్పటికే వానిని జీతమునకు కుదిర్చిరి. వాడు మరల రాలేదు.

ఇంతటితో అయిపోలేదు. మొదటి వరుసలో కూర్చున్న చురుకైనవానికి ఆ యేడు తెలుగులో మార్కులు పెరుగునని తలచితిని. తగ్గినవి. నాకు ఆశ్చర్యమయ్యెను. పిదప తెలిసినది. వాడు ఇదివరకు నా మాటను విని, దానిని తన మిత్రునికి తెలియునట్లు తమ యింటి మాటలోనికి మార్చుచుండెను. ఆ మార్చుటలోనే వాని చదువు పండుచుండెను. మార్చి చెప్పుటకు ఎవడును లేకపోగా వాడు వినుటయే మానెను. కాంబెల్ మెచ్చిన సంగతిని నేను పుస్తకములలో చదువుటకు ముందే నా తరగతి నాకు నేర్పినది. కాని ఒక బాలుని బడినుండి తీసికొని నేర్పినది.

అప్పటినుండి నేను పాఠము ముగించిన పిమ్మట పదినిమిషములు చింతనకు విడిచితిని. నలుగురేసి పిల్లలు వలయముగా కూర్చుండి ఆ పాఠమును తమ మాటలో చెప్పుకొనవలెను. గోల కలుగును, నిజమే. ప్రక్క తరగతి పంతులు వచ్చి మందలించిన దినములు కలవు. కాని గోలలో రెండు విధములు కలవు. సంతలోని గోల ఒకటి, నాటు వేయు మడిలోని గోల ఒకటి. రెండవదానిలో చేతులు ఆగవు.

పిల్లలు కలిసిన చాలదు, పంతుళ్ళును కలియవలెను. ఇందుకొక యుదాహరణము. మా బడిలో లెక్కల ఉపాధ్యాయుడు పిల్లలకు భాగహారము రాదని బాధపడుచుండెను. నేను ఒకనాడు వారి తరగతిలో వెనుక కూర్చుంటిని. ఆయన ఇచ్చిన లెక్క ఇది: ఒక రైతునకు 12 బస్తాల వడ్లు పండెను, బస్తాకు 75 కిలోల చొప్పున తూగెను, అందు మూడవ వంతు విత్తనమునకు ఉంచినచో మిగిలినవి ఎన్ని కిలోలు? పిల్లలనేకులు 900 వరకు సరిగా వచ్చి, అందులోనుండి 3 తీసివేసి 897 అని వ్రాసిరి. ఆయన వారికి లెక్క రాదనుకొనెను. నేను చూడగా వారికి రానిది లెక్క కాదు, "మూడవ వంతు" అను మాట. అనగా తప్పు తెలుగు పండితుడనైన నాది.

మేమిద్దరము ఆ మాటను వివరించుటకు తంటాలు పడుచుండగా, రెండవ వరుసలోని బాలిక యొకతె ప్రక్క పిల్లవానితో, "ముగ్గురన్నదమ్ములు పంచుకున్నట్టు రా! ఒకని పాలు ఇత్తనాలకు," అనెను. వాడు తలయెత్తి, "అయితే ఆరు నూర్లు," అనెను. ఇద్దరు పంతుళ్ళు చేయలేని పని ఒక వాక్యముతో ముగిసెను. లెక్కల ఉపాధ్యాయుడు ఆ వాక్యమును నల్లబల్లమీద వ్రాయించెను. ఆనాటినుండి వారమునకొకసారి మేమిద్దరము కూర్చుండి, ఏ లెక్కలో ఏ మాట పిల్లలకు అడ్డుపడుచున్నదో చూచుకొనెడివారము. ఏ మాట అడ్డమో చెప్పువారు మాత్రము ఎల్లప్పుడును పిల్లలే.

ఇచట రెండు సందేహములు కలుగవచ్చును. ఇట్లు చేసినచో పిల్లలు ఒకరిని చూచి ఒకరు వ్రాయుట కలవాటు పడరా యని మొదటిది. చూచి వ్రాయుట వేరు, చెప్పుకొని నేర్చుట వేరు. చూచి వ్రాసినవానిని "ఇది యెట్లు వచ్చినది?" అని అడిగినచో వాడు నోరు మెదపడు. చెప్పుకొని నేర్చినవాడు తన మాటలో చెప్పును. ఆ ఒక్క ప్రశ్న వేయు పంతులున్నచో ఈ భయము అక్కరలేదు. చింతనలో కలిసి చేయుదురు. పరీక్షలో ఎవరిది వారు వ్రాయుదురు. ఈ హద్దు పిల్లలకు స్పష్టముగా చెప్పవలెను.

నా కొడుకు తెలివైనవాడు, వాడు మందబుద్ధులకు చెప్పుచు కూర్చున్నచో వెనుకబడడా యని రెండవది. ఈ ప్రశ్నను తండ్రులు నన్ను అనేక పర్యాయములు అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. వానిని ఎల్లప్పుడును పంతులుగానే ఉంచి వాని సమయమంతయు తీసికొన్నచో వెనుకబడును. అది పంతులు సోమరితనము గాని సహకారము కాదు. కావున ఒక విషయమున చెప్పినవాడు వేరొక విషయమున వినవలెను. తెలుగులో ముందున్నవానికి మొక్కల పేర్లు, పశువుల రోగములు, నేల గుణములు చెప్పగల పిల్లలు మన ఊళ్ళలో కొదువా? వానికిని వినుట నేర్పవలెను. ఎవనికిని ఏమియు చెప్పజాలనివాడు తరగతిలో ఒక్కడును లేడని నేను అనుభవముమీద చెప్పుచున్నాను.

గురువు విషయమున ఇంకొక మాట. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు విద్యార్థులు కలిసి పిప్పలాద మహర్షి యొద్దకు పోయిరి. ఒక యేడు నాతో వసింపుడు, పిమ్మట అడుగుడు, మాకు తెలిసినచో చెప్పెదము అని ఆయన యనెను. తెలిసినచో అను ఆ మాటను గమనింపుడు. ఆ ఆరుగురిలో సుకేశుడనువాడు, ఒక రాజకుమారుడు తన్ను అడిగిన ప్రశ్నకు తెలియదని చెప్పితినని ఒప్పుకొని, ఆ ప్రశ్ననే గురువు ముందు పెట్టెను. గురువు తెలిసినచో అనుచున్నాడు, శిష్యుడు తెలియదనుచున్నాడు. ఈ రెండు మాటలును నిర్భయముగా పలుకగల చోటనే కలిసి చదువుట సాధ్యము. పిల్లవాడు తెలియదన్నప్పుడు నవ్వు పంతులును, తనకు తెలియనిది తెలిసినట్లు దాటవేయు పంతులును, ఆ చోటును చెరచుచున్నారు. నేను రెండును చేసినవాడనే.

మన సీమలోనే ఈ కలిసి వసించుటకు ఒక పెద్ద ప్రయత్నము జరిగినది. 1971వ సంవత్సరము నవంబరు 23వ తేదీన, పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, సర్వేలు గ్రామమున గురుకుల పాఠశాల ప్రారంభమయ్యెను. ఆనాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున ఇట్టిది అదియే మొదటిది. అప్పుడు నల్లగొండ జిల్లాలోనిదైన ఆ గ్రామము 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. 1972లో తాడికొండ, కొడిగెనహళ్ళి గురుకులములు వెలసినవి. గురుకులమునందు పిల్లలు ఒకచోట భుజించి, ఒకచోట నిద్రించి, సాయంకాలము పంతుళ్ళ కన్నుల ముందర కలిసి చదువుదురు. అట్టి చోట తోటివారి పాలు అడుగకయే లభించును. కాని పిల్లలందరును గురుకులములకు పోలేరు. సాయంకాలము గంట కొట్టగానే ఇంటికి పోవు పిల్లలకు ఆ పాలును ఊరే ఇయ్యవలెను.

అది యెట్లో 2020లో నేను చూచితిని. మహమ్మారివలన బడులు మూతబడినవి. సెప్టెంబరు 1వ తేదీనుండి మన రాష్ట్రమున దూరదర్శనము ద్వారమున పాఠములు ప్రసారమైనవి. మంచి పంతుళ్ళు మంచి పాఠములు చెప్పిరి. గురువు పాలు ఇంటింటికిని వచ్చినది. అయినను ఒంటరిగా చూచిన పిల్లలు కొన్నాళ్ళకే విసిగిరి. మా ఇంటి అరుగుమీద మాత్రము, టెలివిజను లేని ఇండ్ల పిల్లలు నలుగురు దూరదూరముగా కూర్చుండెడివారు. పాఠము ముగిసిన పిమ్మట, "అదేంది, ఎట్లొచ్చింది?" అని ఒకడు అడుగగా ఇంకొకడు చెప్పెడివాడు. నేను ఆ చోట కూర్చుండి వినుచుంటిని. తప్పు వచ్చినప్పుడు గొంతు సవరించితిని. మా గురువుగారు గుర్తుకు వచ్చిరి.

కావున పెద్దలకు నా విన్నపములు మూడు. మొదటిది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి ప్రభుత్వపు బడికిని యాజమాన్య సంఘము ఉండవలెనని విధించినది. అందు నాలుగింట మూడు పాళ్ళు తల్లిదండ్రులే యుండవలెను. అట్టి కూటములలో మనము గోడలను గూర్చియు భోజనమును గూర్చియు అడుగుచున్నాము. అవి అడుగవలసినవే. వానితోపాటు, పిల్లలు కలిసి చదువుటకు దినమునకు ఎంత సమయమిచ్చుచున్నారు, పంతుళ్ళు తమలో తాము కూర్చుండి పిల్లలను గూర్చి ఎప్పుడు మాటాడుకొందురు అనియు అడుగుడు. పదినిమిషముల చింతనకు రూపాయి ఖర్చు లేదు.

రెండవది. సాయంకాలము బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు నీకెన్ని మార్కులు, ఫలానా వానికెన్ని అని పోల్చి అడుగకుడు. ఆ పోలికతో ప్రక్కవాడు శత్రువగును. నేడు ఎవరియొద్ద ఏమి నేర్చితివి, ఎవరికి ఏమి చెప్పితివి అని అడుగుడు. మొదటి నాడు బిడ్డ తెల్లబోవును. వారము దినములలో వెదకికొని వచ్చి చెప్పును.

మూడవది. మీ ఊరిలో గ్రంథాలయమో, గుడి మండపమో, విశాలమైన అరుగో ఉండును. సంజవేళ ఒక గంట అక్కడ దీపము వెలిగించి, ఏ కులమువాడు, ఏ వాడవాడు అని చూడక పిల్లలను కలిసి కూర్చుండనిండు. చదువురాని పెద్దవాడైనను అక్కడ కాపు కూర్చుండవచ్చును. వానికి పాఠము రాకపోయినను, ఎవడు వెనుక కూర్చుండి మాటాడక యున్నాడో కనిపెట్టగలడు. చెరువు కట్టకు గండి పడిన నాడు తట్ట పట్టుమని మనము ఒకరిని ఒకరు పిలుతుము గదా. చదువు మానిన ప్రతి బిడ్డయు ఊరి కట్టకు పడిన గండియే.

మన ఋషులు గురుశిష్యులు ఇద్దరును కలిసి చేయదగిన ప్రార్థన నొకదానిని ఇచ్చిరి. మమ్ము ఇద్దరిని కలిపి రక్షింపుము, కలిసి శ్రమింతుము గాక, మా చదువు తేజస్సు గలది యగు గాక అని కోరిన పిమ్మట, మేము ఒకరినొకరు ద్వేషింపకుందుము గాక అని అందు కలదు. బాల్యమున దీనిని వల్లించునప్పుడు, గురుశిష్యుల నడుమ ద్వేషమెందులకు వచ్చునని నాకు వింతగా నుండెడిది. బెత్తము పట్టిన దినమునందు ఆ మాట నాకు గుర్తు రాలేదు. చెరువు కట్టమీద ఆ బాలుడు తల వంచుకొని పలికిన దినమునందు దాని యర్థము తెలిసినది. వాడు నన్ను ద్వేషింపలేదు. అదియే నాకు నేటికిని బరువుగా నున్నది. మీ ఊరి బడిలో చివరి వరుసలో అట్టివాడొకడు కూర్చుండియుండును. రేపు బడి దారిన పోవునప్పుడు వాని ప్రక్కన ఎవరు కూర్చున్నారో చూడుడు.